బిగుసుకుపోయిన హీలియోస్

నాన్న కెమెరా జెనిత్-ఇ. దాని ముందు బిగించి ఉండే లెన్సు హీలియోస్ 44-2, 58 ఎంఎం. మా చిన్నప్పటి ఫొటోలు దాదాపు అన్నీ ఆ గాజులోంచి వచ్చినవే. నాన్న పోయాక అది అక్క బీరువాలోకి చేరింది. చాలా ఏళ్ల తర్వాత ఒకరోజు బయటికి తీసి నా చేతిలో పెట్టి, "నువ్వు తీసుకెళ్లరా, నా దగ్గరుంటే ఇంకా పాడైపోతుంది. రింగు అసలు తిరగట్లేదు," అంది.

ఫోకస్ రింగు అసలు తిరగకపోవడం కాదు. బలంగా పట్టి తిప్పితే ముందు ఏమీ జరగదు. ఇంకాస్త బలం పెడితే ఉన్నట్టుండి ఒక్క కుదుపుతో కదిలి, మనం అనుకున్న చోటు దాటిపోయి ఆగుతుంది. వెనక్కి తెద్దామంటే మళ్లీ అదే వరస. పైగా అది ఎం42 లెన్సు. అంటే కెమెరాకి బిగించే చోట 42 మిల్లీమీటర్ల వ్యాసం, చుట్టుకి ఒక మిల్లీమీటరు ఎడంతో ఉన్న మామూలు మర. తర్వాతి కాలపు బయోనెట్ లెన్సుల్లా టక్కుమని పట్టుకునే తాళం దానికి ఉండదు. అందువల్ల ఫోకస్ రింగు మొరాయించినప్పుడు ఒకవైపు తిప్పితే రింగుకి బదులు లెన్సు మొత్తం కెమెరా మీంచి ఊడి చేతిలోకి వచ్చేసేది. పాత మర లెన్సులు వాడినవాళ్లందరికీ ఈ అనుభవం తెలిసే ఉంటుంది.

నాకు గుర్తున్న లెన్సు ఇది కాదు. నాన్న కెమెరా నా మెడలో వేసి, బరువుకి నా తల వంగిపోకుండా కింద తన అరచెయ్యి ఆనించి, నా వేళ్లు తీసి రింగు మీద ఉంచేవాడు. లోహపు రింగు, చుట్టూ గరుకు గాట్లు. తిప్పడం మొదలుపెడితే కుదుపు ఉండేది కాదు, ఆపితే జారుడు ఉండేది కాదు. వేలు ఎక్కడ ఆగితే రింగూ అక్కడే ఆగేది. మెల్లగా తిప్పితే తేలిగ్గా వచ్చేది, గబుక్కున తిప్పబోతే బరువెక్కేది. "తొందరపడకురా, దాని దారిన దాన్ని రానీ," అనేవాడు నాన్న. ఆయన అన్ని విషయాల్లోనూ అదే మాట అనేవాడు కాబట్టి అది లెన్సు గురించిన సలహా అని నాకెప్పుడూ తట్టలేదు. ఇన్నేళ్లకి దాన్ని విప్పాలని కూర్చుని చదువుకుంటే తెలిసింది, ఆయన చెప్పింది అచ్చంగా గ్రీజు భౌతికశాస్త్రమని.

రింగు లోపల ఒకదాంట్లో ఒకటి తిరిగే రెండు లోహపు మర చుట్ల మధ్య పల్చటి గ్రీజు పొర ఉంటుంది. ఆ పొర కలిగించే అడ్డు, తిప్పే వేగంతో పాటు పెరుగుతుంది. నెమ్మదిగా కదిలితే తక్కువ, వేగంగా కదిలితే ఎక్కువ. అందుకే మంచి స్థితిలో ఉన్న లెన్సు, చివర్లో వెంట్రుకవాసి సర్దుబాటు చేసుకునేటప్పుడు వేలికి అంత సుళువుగా లొంగుతుంది. ఎండిపోయిన గ్రీజు సరిగ్గా దీనికి ఎదురు. కదలనప్పుడు పట్టు ఎక్కువ, కదిలిందంటే ఒక్కసారిగా తక్కువ. కావలసిన చోట ఆపడం ఎవరివల్లా కాదు. లెన్సు బిగుసుకుపోతే చెయ్యి నొప్పెట్టడం అంత పెద్ద ఇబ్బంది కాదు, ఫోకస్ కుదరకపోవడమే ఇబ్బంది.

ఆ కెమెరాతో ఫోకస్ చెయ్యడమే ఒక తతంగం. అపర్చర్ అంటే వెలుతురు లోపలికి వచ్చే కంత, చిన్న లోహపు రెక్కలు దాన్ని పెద్దదీ చిన్నదీ చేస్తాయి. ఆ లెన్సుకి అపర్చర్ రింగులు రెండు. ఒకదాని మీద అంకెలు, ఎఫ్/2 నుంచి ఎఫ్/16 దాకా, అంకె పెరిగితే కంత చిన్నదవుతుంది, టిక్కుటిక్కుమంటూ తిరిగేది. ఇంకోదానికి టిక్కులు లేవు, అది పూర్తిగా తెరవడానికీ, ముందు ఎంచుకున్న అంకె దగ్గరికి మూయడానికీ. కాబట్టి వరస ఇది: వెలుతురు చూసుకుని అంకె పెట్టు, రెండో రింగు పూర్తిగా తెరువు, ఫోకస్ చెయ్యి, కన్ను తియ్యకుండా రెండో రింగు మూసెయ్యి, అప్పుడు నొక్కు. మూయగానే వ్యూఫైండర్ చీకటిగా అయిపోయేది. ఎఫ్/2 నుంచి ఎఫ్/8కి నాలుగు స్టాపులు, ఒక్కో స్టాపుకీ వెలుతురు సగం, అంటే మొత్తం 16వ వంతుకి పడిపోతుంది. చీకటి పడ్డాక ఎదుటివాళ్లు కళ్లు మూశారో నవ్వారో అంతా నమ్మకం మీదే. ఆ మూయడం మర్చిపోయి తీసిన, తెల్లగా పాలిపోయిన ఫొటోలు ఆల్బమ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అవి అక్క తీసినవని నేనూ, నేను తీసినవని అక్కా అంటూనే ఉంటాం.

కెమెరా నెత్తిన సెలీనియం మీటరు. దానికి బ్యాటరీ అక్కర్లేదు, వెలుతురే దాన్ని నడుపుతుంది. ముల్లు చూసి, చుట్టూ ఉన్న డయల్ తిప్పి, వచ్చిన అంకెని మనమే లెన్సు మీద పెట్టుకోవాలి. షట్టరు వేగాలు సెకనులో 30వ వంతు నుంచి 500వ వంతు దాకా అయిదే, ఆపైన బి, అంటే నొక్కి ఉంచినంతసేపూ షట్టరు తెరిచి ఉండేది. వ్యూఫైండర్లో కనబడేదానికంటే ఫిల్ము మీద పడేది చాలా ఎక్కువ. అందుకే మా ఫొటోల్లో అంచుల వెంట ఎవరూ పిలవని మనుషులు, సగం కుర్చీలు, ఒక్కోసారి నాన్న వేలు కూడా ఉంటాయి.

ఆ లెన్సు పుట్టుపూర్వోత్తరాలు నాకు చిన్నప్పుడు తెలియవు. ముందు అంచు మీద చిన్న ముద్ర ఉంటుంది, ఒక పట్టకంలోంచి కిరణం వంగి వెళ్తున్నట్టు. అది మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ కర్మాగారం గుర్తు. జెనిత్-ఇ అక్కడ 1965 నుంచి తయారైంది. హీలియోస్-44 అంతకుముందే, 1958లో వచ్చిన స్టార్ట్ అనే కెమెరా మీద కనిపించింది. దానికి మూలం జర్మనీలో, యేనా ఊళ్లోని కార్ల్ జైస్ వాళ్ల బయోటార్ 58 ఎంఎం ఎఫ్/2. నాలుగు గుంపులుగా ఆరు గాజులు, రెండింటిదీ అదే అమరిక. సోవియట్ లెన్సుల్లో చాలావాటికి నంబరులోని మొదటి రెండంకెలు తయారైన ఏడాదిని చెబుతాయి. మాది 77తో మొదలవుతుంది. అక్కకంటే చిన్నది, నాకంటే పెద్దది. ఈ సంగతి తర్వాత పనికొచ్చింది, అప్పుడు చెబుతాను.

ఎందుకు బిగుసుకుందన్నది ముందు చెప్పుకోవాలి. గ్రీజు అంటే చిక్కటి నూనె అని చాలామంది అనుకుంటారు, నేనూ అదే అనుకునేవాణ్ని. నిజానికి అది సబ్బులో పట్టి ఉంచిన నూనె. లిథియం సబ్బో, కాల్షియం సబ్బో స్పాంజిలా నూనెని తనలో నిలుపుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ నూనె మెల్లగా విడిపోయి పారిపోతుంది. కొంత ఆవిరై లోపలి గాజుల మీద మబ్బులా పడుతుంది, కొంత పాకి అపర్చర్ రెక్కల మీదికి చేరుతుంది. చుట్ల మధ్య మిగిలేది సబ్బు, దుమ్ము, లోహపు అరుగుడు. మా లెన్సులో రెక్కల మీద నూనె మెరుస్తూనే ఉంది. చేత్తో తిప్పే అపర్చర్ కాబట్టి అది పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. స్ప్రింగుతో మూసుకునే ఆటోమేటిక్ లెన్సుల్లో అయితే అదే నూనె రెక్కల్ని అంటించేసి, షట్టరు పడే లోపు మూసుకోనివ్వదు.

ఈ సంగతి ఎవరితో అన్నా వచ్చే మొదటి సలహా, డబ్ల్యూడీ-40 కొట్టు, వదులైపోతుంది అని. వదులవుతుంది, కాదనను. కానీ అది 1953లో నీటిని తరిమి తుప్పు ఆపడానికి తయారైన ద్రవం. పేరులో డబ్ల్యూడీ అన్న రెండక్షరాలూ ఆ పనికే, 40 అన్నది అది 40వ ప్రయత్నమని. ఎండిన గ్రీజుని కరిగిస్తుంది, కరిగిన బురదని పల్చటి నూనెతో కలిపి లెన్సు లోపలంతా పాకిస్తుంది. నాలుగు రోజులు రింగు హాయిగా తిరుగుతుంది. తర్వాత గాజుల సంగతి చూడాలి. తలుపు బందులకి అది బంగారం, లెన్సుకి మాత్రం వద్దు.

కాబట్టి విప్పాల్సిందే.

పని మొదలుపెట్టే ముందు బల్ల మీద అంచులున్న పళ్లెం, అందులో తెల్ల గుడ్డ. తెల్లది ఎందుకంటే ఒక మిల్లీమీటరున్నర మర కింద పడితే కనబడాలి. పక్కన గళ్ల పెట్టె. ఊడదీసిన ప్రతిదీ వరసగా ఒక్కో గడిలోకి. ఒక్కో మెట్టుకీ ఫోన్‌తో ఒక ఫొటో. స్క్రూడ్రైవర్ల విషయంలో పిసినారితనం పనికిరాదు. మర గాటులో కొన సరిగ్గా కూర్చోవాలి, వెడల్పులోనూ మందంలోనూ. సోవియట్ లెన్సులు ఈ విషయంలో సుళువు, అన్నీ ఒంటి గాటు మరలే. జపాన్ లెన్సులు విప్పేవాళ్లకి ఇంకో చిక్కు, వాటి మీద కూడిక గుర్తులా కనిపించేవి మామూలు ఫిలిప్స్ మరలు కావు, జేఐఎస్ అనే జపాన్ ప్రమాణం కొలతవి. ఫిలిప్స్ డ్రైవర్ పెడితే జారి తల గుల్లవుతుంది.

ఫోకస్ రింగు అంచున చుట్టూ మూడు గ్రబ్ స్క్రూలు, అంటే తలలేని చిన్న మరలు. ఇవి మొండికేస్తే బలం పెట్టకూడదు. కర్మాగారంలో వాటి మీద లక్క చుక్క వేసి ఉంటారు, కదలకుండా. సూది మొనతో ఒక్క చుక్క అసిటోన్ అక్కడ వదిలి కాసేపు ఊరుకుంటే లక్క మెత్తబడుతుంది. అసిటోన్ రంగునీ ప్లాస్టిక్‌నీ తినేస్తుంది కాబట్టి గుడ్డతో తడమడం కాదు, చుక్కే. అంకెల్లో నింపిన రంగు మీదికి పోతే ఇక అంతే. అప్పటికీ కదలకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వెచ్చబెట్టడం ఉంది.

మరలు వదులయ్యాక రింగు జారి వచ్చింది. గాజులన్నీ, మధ్యలో ఎనిమిది రెక్కల అపర్చర్‌తో సహా, ఒకే దిమ్మగా విడివడతాయి. దాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టి, గది అవతలి మూలకి చేర్చాను. గ్రీజు పని జరిగే బల్ల మీద గాజు ఉండకూడదన్నది నా నియమం. ఈ తరహా లెన్సుల్లో నాకు నచ్చేది ఇదే. రెక్కల జోలికి, గాజుల జోలికి పోకుండానే చుట్ల పని చేసుకోవచ్చు. ఎవరైనా మొదటిసారి లెన్సు విప్పాలనుకుంటే ఇలాంటి దానితో మొదలుపెట్టమంటాను. జూమ్ లెన్సుతో మాత్రం వద్దు.

మిగిలింది హెలికాయిడ్. ఒకదాంట్లో ఒకటి దూరిన మూడు గొట్టాలు. మధ్యది తిరుగుతుంది. లోపలిది, గాజుల్ని మోసేది, తిరగకుండా తిన్నగా ముందుకీ వెనక్కీ వెళ్తుంది. తిరగకుండా ఆపేది నిలువు గాడి, ఆ గాడిలో నడిచే చిన్న లోహపు ముక్క. ఒకవైపు చుట్లు కుడిచేతి వాటం, రెండోవైపు ఎడమచేతి వాటం కావడంతో మధ్య గొట్టం ఒక్క తిప్పుకి రెండు చుట్ల పని అవుతుంది. చేతిలో పట్టుకుని చూస్తుంటే ఇంత తెలివి ఇన్నాళ్లూ నల్లటి మురికి కింద దాక్కుందా అనిపించింది.

ఇక్కడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. హెలికాయిడ్ చుట్లు మామూలు మర చుట్లు కావు. ఒకే ఆరంభం కాక, చుట్టూ చాలా ఆరంభాలు ఉంటాయి. విడదీశాక మళ్లీ ఏ ఆరంభంలో ఎక్కించినా ఎక్కుతుంది, సాఫీగా తిరుగుతుంది కూడా. సరైనది మాత్రం ఒక్కటే. తక్కిన వాటిలో ఎక్కిస్తే లెన్సు అనంతానికి, అంటే చాలా దూరంలో ఉన్నవాటికి, ఫోకస్ కాదు, లేదా అనంతం దాటి పోతుంది. కాబట్టి విప్పేటప్పుడు చాలా మెల్లగా తిప్పుతూ, రెండు గొట్టాలూ ఒకదాన్నొకటి వదిలే ఆ చోట ఆపి, రెండింటి మీదా సూదితో సన్నటి గీత గియ్యాలి. మూడు గొట్టాలు, రెండు విడిపోయే చోట్లు, రెండింటికీ వేరువేరు గీతలు. ఫొటో ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

ఎంత చిన్న తేడా ఎంత పనిచేస్తుందో లెక్క కట్టి చూశాను. 58 ఎంఎం లెన్సు అనంతం నుంచి 10 మీటర్ల దూరానికి ఫోకస్ మారాలంటే ముందుకి జరగాల్సింది సుమారు 0.34 మిల్లీమీటరు. 1 మీటరుకి సుమారు 3.8. ఈ లెన్సు చూడగలిగిన అతి దగ్గరి దూరం అర మీటరు, దానికి దాదాపు 9. అంటే దూరంగా కనిపించే ప్రపంచమంతా, కొండలూ మేడలూ వీధి చివరి చెట్టూ, మిల్లీమీటరులో మూడో వంతులో ఇమిడి ఉంది. ఆ చివర రింగు కుదుపుతో కదిలితే ఇక ఏమి ఫోకస్ చేస్తాం?

పాత గ్రీజు ఇత్తడి తగిలిన చోట ఆకుపచ్చగా మారి ఉంది, అల్యూమినియం అరిగిన చోట నల్లటి జిగురు. తుడిచేయడానికి నాఫ్తా, అంటే లైటర్లలో పోసేది, పాత టూత్‌బ్రష్, చుట్ల అడుగున గీకడానికి చెక్క పుల్లలు. లోహపు సూది వాడితే చుట్ల మీద గీతలు పడతాయి. కిటికీలు తెరిచి ఉంచాలి, నిప్పు దగ్గర ఉండకూడదు, ఆవిరి మామూలుది కాదు. బ్రష్ చేయడం, గుడ్డతో తుడవడం, మళ్లీ బ్రష్. గుడ్డ తెల్లగా తిరిగొచ్చే దాకా ఇదే. విసుగు పుట్టించే పని అనుకుంటారు గానీ నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. నలుపు పోయేకొద్దీ చుట్లు ఒక్కొక్కటే బయటపడతాయి, వాటి అంచులు వెలుగుతాయి. పొడిగా ఉండగానే ఒకసారి గొట్టాల్ని కలిపి తిప్పి చూడాలి. లోహం లోహంతో గరగరమంటుంది గానీ ఎక్కడా పట్టెయ్యకూడదు. పట్టేస్తే తప్పు గ్రీజుది కాదు, ఎప్పుడో కింద పడి గొట్టం వంగిందన్నమాట. మాది ఎక్కడా పట్టలేదు.

ఇక కొత్త గ్రీజు. ఇంటి పని అనుకున్నదంతా ఇక్కడ జ్ఞాపకాల పని అయిపోయింది.

గ్రీజుకి ఎన్‌ఎల్‌జీఐ అని ఒక అంకె ఉంటుంది, 000 నుంచి 6 దాకా. అది గ్రీజు ఎంత గట్టిగా ఉందో చెబుతుంది. బండ్లకి వాడేది ఎక్కువగా 2. కానీ లెన్సు రింగు చేతికి ఎలా తెలుస్తుందన్నది ఆ అంకె ఒక్కటే చెప్పదు, లోపలి నూనె ఎంత చిక్కనిదన్న దాని మీద ఎక్కువగా ఉంటుంది. అందుకే డ్యాంపింగ్ గ్రీజు అని వేరే రకం చేస్తారు, చాలా చిక్కటి కృత్రిమ నూనెలతో. జారుడు కోసం కాదు, సరైన అడ్డు కోసం. బండి గ్రీజు పూస్తే రింగు ఒరుసుకోకుండా తిరుగుతుంది గానీ వేలు తీశాక కూడా కొంచెం కదులుతుంది. సిలికోన్ గ్రీజులు బాగానే ఉంటాయి గానీ నూనె పాకే గుణం ఉందని లెన్సులు బాగుచేసేవాళ్లు చాలామంది గాజుల దగ్గర వాటిని వాడరు. నేను డ్యాంపింగ్ గ్రీజులో మూడు రకాలు తెచ్చుకున్నాను, తేలిక, మధ్యరకం, బరువు.

ఏది పుయ్యాలి? ఏ పుస్తకంలోనూ ఈ లెన్సు రింగు ఇంత బరువుండాలని నాకు దొరకలేదు. కొలవడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే, చిన్నప్పుడు వేళ్లకి తెలిసిన ఆ బిగువు. ముందు తేలికది పూసి తిప్పాను. చాలా హాయిగా తిరిగింది. కాని నాన్న లెన్సు కాదది. తుడిచేసి బరువైనది పూశాను. ఆ, ఇదీ! గబుక్కున తిప్పబోతే ఎదురొచ్చే ఆ బరువు, వేలు ఆగితే ఆగే ఆ తీరు. ఎంత సంతోషం వేసిందంటే వెంటనే అక్కకి ఫోన్ చేసి వీడియోలో చూపించాను.

"అంత కష్టపడి తిప్పుతున్నావేంట్రా?" అంది.

"కష్టం కాదు, అది అలాగే ఉండేది."

"ఎక్కడ ఉండేది? ఒక్క వేలితో తిరిగేది. నేను బొటనవేలూ చూపుడువేలూ కూడా పెట్టేదాన్ని కాదు. నాన్న తిట్టేవాడు కూడా, ఆటబొమ్మా అది అని."

వాదించుకున్నాం. నాకు బాగా గుర్తని నేను, తనకి ఇంకా బాగా గుర్తని తను. అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఆ లెన్సు ఇంటికొచ్చిన కొత్తలో తను వాడింది. నా చేతికి వచ్చేసరికి అది పదేళ్లు దాటినది. ఫోన్ పెట్టేశాక ఆ 77 అన్న అంకె చూస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. చలికాలం పొద్దున్నే ఫొటోలు తియ్యాలంటే నాన్న కెమెరా కేసులోంచి తీసి, లెన్సు చుట్టూ రెండు అరచేతులూ కప్పుకుని కాసేపు కూర్చునేవాడు. అది కెమెరా మీద ప్రేమ అనుకునేవాణ్ని. ప్రేమ ఉంటే ఉండొచ్చు గానీ, ఆయన చేస్తున్నది గ్రీజుని వెచ్చబెట్టడం. చలికి చిక్కబడి రింగు కదలకపోతే ఏం చేస్తాడు మరి. అక్కని అడిగితే తన కాలంలో నాన్న అలా కూర్చోవడం చూసిన గుర్తు లేదంది.

అంటే నేను సరైన బిగువు అని ఇన్నాళ్లూ వేళ్లలో దాచుకున్నది, అప్పటికే సగం ఎండిపోయిన గ్రీజు బిగువు. క్రాస్నోగోర్స్క్‌లో బిగించినవాళ్లు ఇచ్చింది అది కాదు. నాన్న కొన్ననాడు ఆయన చేతికి తెలిసిందీ అది కాదు. నాకు తెలిసిన లెన్సు, అక్కకి తెలిసిన లెన్సు, నంబరు ఒక్కటే అయినా ఒకటి కావు. ఇద్దరిలో ఎవరిది నిజం అని అడిగితే అక్కదే అనాలి. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ, కర్మాగారం లెక్కలో చూస్తే తనదే.

ఆలోచించి బరువైనది తుడిచేశాను. తేలికదీ పుయ్యలేదు. మధ్యరకం తీసుకున్నాను. ఇది రాజీ అనుకోండి, ఇంకేదైనా అనుకోండి. పూయడానికి చిన్న బ్రష్, చుట్ల మీద పల్చటి పొర, చుట్ల రంగు గ్రీజులోంచి కనబడేటంత పల్చగా. ఎక్కువ పెడితే మిగిలింది ఎక్కడికీ పోదు, వేసవిలో మెల్లగా రెక్కల వైపు బయలుదేరుతుంది. నిలువు గాడిలో కూడా కాస్త పుయ్యాలి, చాలామంది దాన్ని మర్చిపోతారు, రింగు బాగున్నా ఎక్కడో రాచుకుంటున్నట్టు ఉంటుంది. గీతకి గీత కలిపి గొట్టాలు ఎక్కించి, ఆ చివర నుంచి ఈ చివరకి చాలాసేపు తిప్పాను, పొర అంతటా సమంగా పరుచుకోవడానికి. మొదట్లో ముద్దముద్దగా ఉండి, తిప్పేకొద్దీ ఒక తీరుకి వస్తుంది. అంచుల దగ్గర పైకి తేలినదాన్ని తుడిచెయ్యాలి.

గాజుల దిమ్మ మళ్లీ కూర్చోబెట్టే ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊది, వెనక గాజు మీది మబ్బుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన లెన్సు కాగితంతో మధ్య నుంచి అంచుకి తుడిచాను. బూజు పట్టలేదు, అదృష్టం. బూజు పూత దాకా తినేస్తే ఎంత తుడిచినా మచ్చ ఉండిపోతుంది.

ఆఖరిది అనంతం సరిచూసుకోవడం. కర్మాగారాల్లో ఈ పనికి కాలిమేటర్ అనే పరికరం ఉంటుంది. ఇంట్లో అయితే కెమెరా వెనక తలుపు తెరిచి, ఫిల్ము నడిచే పట్టాల మీద మసకగా ఉండే పారదర్శక టేపు బిగువుగా అంటించాలి. షట్టరు బిలో పెట్టి నొక్కి పట్టుకుని, అపర్చర్ పూర్తిగా తెరిచి, కెమెరాని దూరంగా ఉన్న దీపం వైపు తిప్పితే టేపు మీద తలకిందులుగా చిన్న బొమ్మ పడుతుంది. ఎం42లో లెన్సు అంచు నుంచి ఫిల్ముకి ఉండాల్సిన దూరం 45.46 మిల్లీమీటర్లు. టేపు సరిగ్గా ఫిల్ము ఉండే చోటే ఉంది కాబట్టి అక్కడ స్పష్టంగా ఉంటే ఫిల్ము మీదా స్పష్టమే. భూతద్దం కంటికి ఆనించుకుని రింగుని అనంతం గుర్తు వైపు తిప్పుతూ పోయాను. దీపం చుక్క చిన్నదై, ఇంకా చిన్నదై, రింగు గుర్తు దగ్గరికి కాస్త ఇవతలే సూదిమొన అంతకి వచ్చి, ఆ తర్వాత మళ్లీ పెద్దదవడం మొదలుపెట్టింది. ఆ కొంచెం తేడాకి హెలికాయిడ్ మళ్లీ విప్పక్కర్లేదు. ఆ మూడు గ్రబ్ స్క్రూలు వదులు చేసి, లోపలి గొట్టాన్ని కదపకుండా పై రింగుని మాత్రం గుర్తు కలిసే దాకా జరిపి మళ్లీ బిగిస్తే సరి. ఆ మరలకి అసలు పని అదే.

అక్క వచ్చిన రోజు ఫిల్ము వేసి సిద్ధంగా ఉంచాను. పరీక్షకి అక్కే కూర్చుంది, వెనక ఆకుల సందుల్లోంచి ఎండ. ఈ లెన్సు ఎఫ్/2లో దగ్గరగా తీస్తే వెనక మసకలోని వెలుగు చుక్కలు అంచుల్లో బాదం గింజ ఆకారంలోకి నొక్కుకుని, మనిషి చుట్టూ గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. మధ్యలో గుండ్రంగా ఉండే కాంతి పుంజాన్ని అంచుల్లో లెన్సు గొట్టమే కొంత కోసేస్తుంది, అందువల్ల. రూపకర్తల లెక్కలో అది దోషం. ఇప్పుడు దానికోసమే ఈ లెన్సుని వెతికి కొనేవాళ్లున్నారు. మా ఆల్బమ్‌లోనూ ఆ సుడులు ఉన్నాయి. చిన్నప్పుడు ఫొటో అంటే అలాగే ఉంటుందనుకున్నాం.

తర్వాత కెమెరా తీసుకుని అక్క నన్ను తీసింది. రింగు మీద ఒక్క వేలు పెట్టి తిప్పబోయి, బొటనవేలు కూడా కలిపి, కాస్త ఆగింది.

"ఇంకా బిగువే."

"కొత్త గ్రీజు కదా, వాడేకొద్దీ కొంచెం సర్దుకుంటుంది."

"సర్దుకున్నా ఇంత ఉండేది కాదు. నీకు గుర్తున్నది దాని ముసలితనం రా," అంటూనే ఫోకస్ చేసి, రెండో రింగు మూసి, నొక్కింది. మూయడం మాత్రం మర్చిపోలేదు, అది నేను చూశాను.

కెమెరా ఇప్పుడు మళ్లీ తన దగ్గరే ఉంది, ఆ రోల్ అయిపోయే దాకా అని. అపర్చర్ రెక్కల మీది నూనె ఇంకా తుడవాల్సే ఉంది, ఈసారి విప్పినప్పుడు అది చేస్తాను. వెళ్తూ వెళ్తూ, తేలిక రకం డబ్బా పారెయ్యొద్దని గట్టిగా చెప్పి మరీ వెళ్లింది. "విప్పినప్పుడు ఎలాగూ గ్రీజు మార్చాల్సిందేగా. అప్పుడు నా మాట విందువు గాని."